ఊరి గ్రంథాలయంలో పెద్దలకు ఏది మేలు: సభా, ఫోను క్లాసా, చదివి వినిపించడమా?

గోదావరి డెల్టాలో శాఖా గ్రంథాలయం అంటే ఒక గది, మహా అయితే రెండు. నాలుగు బల్లలు, పేపర్లు, బీరువాలు, అన్నీ చూసుకునే గ్రంథపాలకుడు ఒక్కరు. అంత చోటులో, అంత డబ్బుతో పెద్దల కోసం ఏదైనా చేయాలంటే ఎంచుకోక తప్పదు. మా వైపు ఊళ్లలో నలిగే ఆలోచనలు మూడు. వక్తల్ని పిలిచి సభ పెట్టడం, ఫోను వాడకం నేర్పించడం, వారానికోసారి కూర్చుని కథో వ్యాసమో చదివి వినిపించడం. మూడూ మంచివే. వారంలో ఒక్క పూటే చేతిలో ఉంటే మాత్రం నా ఓటు మూడోదానికే.

పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ల సంగతి ఇందులో కలపడం లేదు. వాళ్లకు కావలసింది కుర్చీ, ఫ్యాను, కొత్త పుస్తకాలు, రాత్రి ఇంకో రెండు గంటలు తీసి ఉంచిన తలుపు. కార్యక్రమాలతో వాళ్లకు పనిలేదు.

సభ మనకు వంశపారంపర్యంగా వచ్చింది. భీమవరం పక్కన కుముదవల్లిలో 1897లోనే వీరేశలింగ కవి సమాజం పేరుతో గ్రంథాలయం వెలిసింది. మరుసటి ఏడు రాజమండ్రిలో వసురాయ గ్రంథాలయం మొదలైంది, తర్వాత అదే గౌతమీ గ్రంథాలయంలో కలిసింది. గ్రంథాలయోద్యమానికి పెద్దదిక్కైన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టింది మన కొంకుదురులో. ఊరూరా తిరిగి, సభలు పెట్టి, జనాన్ని కూడగట్టి గ్రంథాలయాలు పెట్టించిన తరం అది. ఆ సభలకు అప్పుడొక పని ఉండేది: ఊళ్లో లేని గ్రంథాలయాన్ని తేవడం.

ఇప్పటి సభ ఎక్కువగా గ్రంథాలయ వారోత్సవాలకు ముడిపడి ఉంది. అంటే నవంబరు 14 నుంచి 20 దాకా. డెల్టాలో ఆ వారం ఏం జరుగుతుంది? సార్వా (ఖరీఫ్) వరికోతలు ముమ్మరంగా ఉంటాయి. ధాన్యం రోడ్డు మీద ఆరబోసి, తేమ 17 శాతానికి ఎప్పుడు దిగుతుందా అని రైతు కాపలా కాస్తుంటాడు. బంగాళాఖాతంలో వాయుగుండం అని వార్త వస్తే ఇంక నిద్ర కూడా ఉండదు. కూలికి వెళ్లే ఆడవాళ్లకు ఏడాదిలో నాలుగు రూపాయలు వచ్చే రోజులవి. అలాంటి వారంలో షామియానా వేసి, శాలువా కప్పి, సాయంత్రం నాలుగు గంటలకు ఉపన్యాసం పెడితే ముందు వరసల్లో ఎవరుంటారు? రిటైరైన మాస్టార్లు, తీసుకొచ్చి కూర్చోబెట్టిన హైస్కూలు పిల్లలు. వారోత్సవాలు దేశమంతటికీ ఒకటే కాబట్టి తేదీ మనం మార్చలేం. కానీ పెద్దల కోసం ఉన్న డబ్బంతా ఆ వారంలోనే ఖర్చుపెట్టడం మాత్రం మానుకోవచ్చు.

ఫోను క్లాసు విషయంలో నాకు గౌరవం చాలా ఉంది. అవసరం అంత గట్టిది. కోనసీమలో, నరసాపురం వైపు ఎన్నో ఇళ్లలో కూతురో కొడుకో గల్ఫులో ఉంటారు. వీడియో కాల్లో మనవడి మొహం చూడటానికి పక్కింటి కుర్రాడి కోసం కాచుకుని కూర్చునే మామ్మగార్లున్నారు. 2025 జనవరి నుంచి ప్రభుత్వ సేవలు కొన్ని మనమిత్ర పేరుతో వాట్సాప్‌లోకే వచ్చాయి. మీ సేవకు వెళ్లొచ్చే ఆటో ఛార్జీ మిగలాలంటే ఫోను తెలియాలి.

అయితే ఈ క్లాసు ఎలా జరుగుతుందన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. గోడ మీద బొమ్మలు వేసి నలభై మందికి చెబితే ఎవరికీ ఏమీ రాదు. ఎవరి ఫోను వాళ్ల చేతిలో ఉండాలి, నలుగురికి ఒకరు పక్కన కూర్చోవాలి. మొదటి రోజు నేర్పాల్సింది అక్షరాలు పెద్దవి చేసుకోవడం. తర్వాత మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అదే టైపు చేస్తుందని చూపించడం. ఆ పైన డబ్బు సంగతి. ఒక క్లాసులో లేసు అల్లే ఒకావిడ అడిగింది: "డబ్బులేత్తామని ఫోను చేసి పిన్ను కొట్టమంటన్నారండి, కొట్టాలాండీ?" "వద్దు పిన్నిగారూ, మనకు డబ్బు రావాలంటే పిన్నుతో పనే లేదు. పిన్ను కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే." ఆవిడ ఆ మాట పక్కనున్న ఇద్దరికి మళ్లీ చెప్పింది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు, మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఇవి తెలిసిన ఊరికి, తెలియని ఊరికి తేడా వేలల్లో, లక్షల్లో ఉంటుంది.

మరి దీన్నే ఎందుకు ఎంచుకోను? అవసరం తీరాక జనం ఆగిపోతారు. ఆగిపోవాలి కూడా. ఆరు వారాల్లో నేర్చుకోగలిగినది ఏడాది పొడుగునా సాగదీయనక్కర్లేదు. ఏడాదికి రెండు విడతలు పెడితే సరిపోతుంది. పైగా ఫోను నేర్చుకున్న మనిషి గ్రంథాలయంలోని బీరువా వైపు ఒక్కసారి కూడా తిరగకుండానే వెళ్లిపోవచ్చు.

చదివి వినిపించడం ఇలా కాదు. పదిమందో పదిహేనుమందో చాప మీద కూర్చుంటారు. పావుగంటలో అయ్యే కథ ఒకరు చదువుతారు. ఎవరు చదువుతారన్నది చాలా ముఖ్యం. పాఠం చెప్పినట్టు చదివేవాళ్లు వద్దు. మన గోదావరి యాసలో సంభాషణ వస్తే దాన్ని ఆ యాసలోనే పలకగల గొంతు కావాలి. అయిపోయాక "ఇందులో నీతి ఏమిటి?" అని అడిగితే వచ్చేవారం సగం మంది రారు. ఏమీ అడగకుండా కాసేపు ఊరుకుంటే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు. ఆ కోడలు చేసింది తప్పంటారు ఒకరు, మా ఆడపడుచూ ఇలాగే చేసిందని ఇంకొకరు. ఎప్పుడూ నోరు మెదపని మనిషి ఆ వేడిలో మాట్లాడతారు. రెండు నెలలు గడిచేసరికి ఒకరిద్దరు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం ఇంటికి ఇస్తారా అని అడుగుతారు. నేను చూసే కొలత అదొక్కటే. కుర్చీలు ఎన్ని నిండాయన్నది నాకు లెక్కలోకి రాదు.

చదువు రానివాళ్లకూ ఇందులో చోటుంది, సభలోలా వెనక వరస చోటు కాదు. కథకు ముందు ఆ రోజు పేపర్లోంచి ఒక వార్త, ఎవరైనా తెచ్చుకున్న బ్యాంకు నోటీసో పొలం కాగితమో చదివి అర్థం చెప్పే ఆనవాయితీ పెడితే, వాళ్లు పనిగట్టుకుని వస్తారు.

ఎప్పుడు, ఎక్కడ అన్న రెండు ప్రశ్నలూ తేలికవి కావు. రాత్రి ఏడింటికి సీరియల్ ఉంది, కాబట్టి మధ్యాహ్నం మూడున్నర, నాలుగు మధ్య పెట్టాలి. మొదలుపెట్టడానికి వేసవి మంచిది. దాళ్వా (రబీ) కోతలు అయిపోయి, కాలువలు కట్టేశాక చేలల్లో పని తగ్గుతుంది. ఆ నెలల్లో పిల్లల శిబిరాలు ఉదయం పూట నడుస్తాయి, కాబట్టి గదికి పోటీ రాదు.

చోటు ఇంకా కష్టం. చాలా ఊళ్లలో గ్రంథాలయం నడివీధిలో ఉంటుంది, దళితుల పేటలోని ఆడవాళ్లు ఆ గడప తొక్కరు. రానివ్వం అని ఎవరూ అనరు, రమ్మని కూడా ఎవరూ అనరు. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వాళ్లూ కడుతున్నారు. అందుకే వారం మార్చి వారం పేటలోని కమ్యూనిటీ హాల్లోనే కూర్చోవాలి. 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెత్తి ఊళ్లకు తీసుకెళ్లారు. పేటకు ఓ సంచీ పుస్తకాలు సైకిలు మీద తీసుకెళ్లడం మనకు అంతకంటే సులువు.

ఖర్చు పెద్దగా లేదు. ఒక చాప, పెద్ద అక్షరాల పుస్తకాలు పది. వీటితోపాటు బల్ల మీద చత్వారం కళ్లజోళ్లు నాలుగైదు వేరువేరు పవర్లలో ఉంచాలి. నాకు చదువు రాదండీ అని తప్పుకునేవాళ్లలో కొందరు ఐదో తరగతి దాకా చదివినవాళ్లే, నలభై దాటాక అక్షరం ఆనక మానేశారు. వాళ్లకు ముందు జోడు ఇచ్చి, ఆ తర్వాత పుస్తకం ఇవ్వాలి.