వాడిన ఎన్‌95 మళ్లీ వాడాలంటే: ఆవిరా, యూవీ పెట్టా, వేడా, కాగితం సంచా?

2020 వేసవిలో విశాఖలో కొవిడ్ వార్డు డ్యూటీ చేసినవాళ్లెవరినైనా అడగండి. డ్యూటీ దిగాక మాస్క్ పారేయడానికి చెయ్యి వచ్చేది కాదు. నేను పనిచేసిన చోట స్టోర్ నుంచి మనిషికి ఇన్నని లెక్కపెట్టి ఇచ్చేవారు, తర్వాతి పెట్టె ఎప్పుడొస్తుందో స్టోర్ వాళ్లకే తెలియదు. దాంతో ఎవరికి తోచిన వైద్యం వాళ్లు మాస్కుకు చేశారు. ఒకాయన శానిటైజర్ కొట్టాడు. ఒకామె సర్ఫ్ నీళ్లలో జాడించి డాబా మీద ఆరేసింది.

ఆ రెండూ పోటీలోకే రావు. ఎన్‌95 మధ్య పొరను పాలీప్రొపిలీన్ పోగులతో చేసి దానికి స్థిర విద్యుత్తు ఎక్కిస్తారు. సన్నని కణాల్ని లాగి పట్టేది చాలావరకు ఆ చార్జే. ఆల్కహాల్ తగిలితే అది పోతుంది, సబ్బునీళ్లు కూడా దాన్ని దెబ్బతీస్తాయి. మాస్క్ మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది, చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా గట్టిది హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి. గాలి చొరబడని గదిలో వదిలితే మడతల్లోకీ వెళ్తుంది, చార్జ్‌ని పెద్దగా పాడుచేయదు. 2020 మార్చిలో అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ, బాటెల్ సంస్థ యంత్రానికి ఒక్కో మాస్కును 20 సార్ల దాకా శుద్ధి చేయొచ్చంటూ అత్యవసర అనుమతి ఇచ్చింది. కాగితం లాంటి సెల్యులోజ్ కలిసిన మాస్కులకు ఇది పనికిరాదు, అవి ఆవిరిని పీల్చేసుకుంటాయి. పెద్దాసుపత్రికి సరే, గాజువాకలో ఇరవై పడకల నర్సింగ్ హోమ్ ఈ యంత్రం ఎక్కడ తెస్తుంది?

యూవీకి, అంటే అతినీలలోహిత కిరణాలకు, నా మార్కులు తక్కువ. 254 నానోమీటర్ల కిరణాలు చదరపు సెంటీమీటరుకు సుమారు 1 జౌల్ చొప్పున, రెండు వైపులా పడాలి. మడత నీడలో ఉన్నచోట వైరస్ హాయిగా ఉంటుంది. పట్టీల మీద సరిగ్గా పడదు, వాటిని విడిగా తుడవాలి. ఫోన్లు, తాళాల కోసమని అప్పట్లో అమ్మిన చిన్న పెట్టెల్లో ఎంత డోస్ పడుతుందో కొలిచే దారే లేదు. పైగా ఆ వెలుగు కళ్లకూ చర్మానికీ చెడ్డది.

వేడి విషయంలో ఓ తమాషా ఉంది. మనం రోజూ తిట్టుకునే తేమే ఇక్కడ పనికొస్తుంది. 70 డిగ్రీల పొడి వేడి కన్నా, దానికి తేమ తోడైతే వైరస్ త్వరగా చస్తుంది. అలాగని ఇడ్లీ పాత్రలో పెట్టి ఆవిరి పట్టకండి. ఆసుపత్రి పనిముట్లను అధిక ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెడితే చాలా మాస్కుల ఆకారం చెడిపోయి ముఖానికి అతకవు. తేమ లేకున్నా వేడి పెంచితే సరిపోతుంది. అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు కరెంటు కుక్కర్‌లో నీళ్లు పోయకుండా, అడుగున తువ్వాలు వేసి, సుమారు 100 డిగ్రీల దగ్గర 50 నిమిషాలు ఉంచి చూశారు. వైరస్ పోయింది, వడపోత నిలిచింది. చిన్న ఆసుపత్రికి నాకు నచ్చింది ఇదే.

ఇక కాగితం సంచి. ఐదు మాస్కులు తీసుకుని రోజుకొకటి వాడాలి, వాడినదాన్ని సంచిలో పెట్టి కనీసం ఐదు రోజులు ముట్టకూడదు. కొరత రోజుల్లో అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్పిన పద్ధతే. ఖర్చు లేదు, మాస్కూ పాడవదు. కానీ కొరతలో మొదటి రోజే మనిషికి ఐదు ఎవరిస్తారు? పైగా ఈ ఉక్కలో చెమటతో తడిసినదాన్ని అలాగే సంచిలో పెట్టి లాకర్లో పడేస్తే ఐదో రోజుకు కంపు కొడుతుంది. మేము ముందు ఏసీ గదిలో ఆరబెట్టి, తర్వాతే సంచిలో పెట్టేవాళ్లం. ఐదు దొరికితే సంచి, ఒకటో రెండో ఉంటే వేడి. నా లెక్క అంతే.

ఏ పద్ధతైనా పట్టీ వదులైతే దండగే. పట్టీ మీద మార్కర్‌తో పేరు రాసి, పెట్టుకున్నప్పుడల్లా ఒక గీత గీసేవాళ్లం. ఐదు గీతలు హద్దు. నాదొకటి నాలుగో గీతకే ముక్కు దగ్గర తీగ వదులై, ఊపిరి వదిలినప్పుడల్లా కళ్లద్దాలు మసకేశాయి. ఆ పూటే ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేశాను.