‘నొక్కేనమ్మా, అదే దూకట్లేదు’: రెట్రో గేమ్ స్టిక్, ఏడాదిన్నర వాడకం తర్వాత

టీవీకి గుచ్చుకుని పాత వీడియో గేములు ఆడుకునే ఈ స్టిక్ కొన్న కొత్తలో నేను చేసిన ప్రచారం విని మా ఆఫీసులో ఇద్దరు ముగ్గురు కొనేశారు కూడా. టీవీ వెనక గుచ్చడం, రెండు వైర్‌లెస్ రిమోట్లు, వేల ఆటలు, ఇవన్నీ డబ్బా మీదే ఉంటాయి కాబట్టి నేను చెప్పక్కర్లేదు. ఆ వేలల్లో ఒకే ఆట రకరకాల పేర్లతో తిరుగుతుంటుందన్నది కూడా మొదటి గంటలోనే తెలిసిపోతుంది. ఏడాదిన్నర వాడాక నా గొడవల్లా ఒక్కదాని గురించే. బటన్ నొక్కడానికీ తెరమీద బొమ్మ కదలడానికీ మధ్య వచ్చే ఆలస్యం. పిల్లలు దాన్ని పట్టించుకోరు, ఉన్నదానికి చెయ్యి అలవాటు చేసేసుకుంటారు. పాత ఆటలు పాత టీవీలో ఆడిన చేతులు మాత్రం ఇట్టే పట్టేస్తాయి.

మా ఇంట్లో అలా పట్టేసింది నాన్న. నేను దీన్ని కొన్నదే ఆయన కోసం.

నాన్న విశాఖ స్టీల్‌ప్లాంట్ కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరయ్యారు. తొంభైల్లో మేం ఉక్కునగరం క్వార్టర్స్‌లో ఉండగా, పిల్లలకని చెప్పి డాబాగార్డెన్స్ నుంచి టీవీ గేమ్ పట్టుకొచ్చారు గానీ, ఎవరి కోసం తెచ్చారో అమ్మకి ఆ రోజే అర్థమైపోయింది. ఎ షిఫ్ట్ అయితే మధ్యాహ్నం రెండింటికి దిగి, ఇంటికొచ్చి భోంచేసి, లుంగీ బిగించి టీవీ ముందు చతికిలబడేవారు. జపాన్‌లో 1983లో వచ్చిన నింటెండో ఫ్యామికామ్‌కి అది నకలని మాకు అప్పట్లో తెలీదు. గాజువాకలో ఒక కొట్టాయన కొంత డబ్బు పుచ్చుకుని పాత ఆట క్యాసెట్‌కి బదులు వేరేది ఇచ్చేవాడు. కొత్త క్యాసెట్ వచ్చిన రోజు ఇంట్లో అన్నం చల్లారిపోవాల్సిందే.

బ్యాటిల్ సిటీ అని ట్యాంకుల ఆట. అందులో శత్రువుల నుంచి కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ చుట్టూ కాపలా నాన్నది, ముందుకెళ్ళి కాల్చడం మాలో ఒకరిది. అందులో మన తూటా మనవాడికే తగిలితే వాడి ట్యాంకు కాసేపు కొయ్యబారిపోతుంది. తమ్ముడికి శత్రువుల్ని కాల్చడం కన్నా నన్ను కాల్చడంలోనే సరదా ఎక్కువ. అమ్మ ఇవేవీ ఆడేది కాదు. ఆవిడకి నచ్చింది తెరమీద ఎగిరే బాతుల్ని బొమ్మ తుపాకీతో కాల్చే డక్ హంట్ ఒక్కటే, అదీ తుపాకీ పట్టుకుని కాదు. ఒక్క బాతు ఎగిరే ఆటలో రిమోట్ చేతిలో ఉన్నవాళ్ళు ఆ బాతును అటూ ఇటూ తిప్పొచ్చు. నాన్న గురిపెట్టేవారు, అమ్మ వెనకాల కూర్చుని, ఒళ్ళో రిమోట్ పెట్టుకుని బాతును తప్పించేది. “ఏటిది, ఈవేళ బాతుకి తెలివొచ్చేసింది?” అనేవారు నాన్న. తెలిసే అనేవారో, నిజంగానే తెలీదో నాకిప్పటికీ తేలలేదు.

ఈ స్టిక్‌లో డక్ హంట్ ఉంది, తుపాకీ లేదు. అటక మీది పాత తుపాకీ దించినా లాభం లేదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క లిప్తపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి గడి వెలుగుతుంది. తుపాకీ గొట్టంలోని సెన్సార్ చూసేది ఆ వెలుగునే. ఆ లెక్కంతా పాత టీవీల పిక్చర్ ట్యూబు వేగానికి కట్టింది. ఇప్పటి టీవీ ఆ గడిని ఆలస్యంగా చూపిస్తుంది, ఈలోగా తగల్లేదని ఆట తేల్చేస్తుంది. ఈ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టే నాన్న విషయంలో అనుమానం టీవీ మీదికి పోయింది.

స్టిక్ వచ్చిన ఆదివారం అమ్మానాన్నలు కూర్మన్నపాలెం నుంచి మద్దిలపాలెంలో మా ఫ్లాట్‌కి వచ్చారు. ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌ని తిట్టడం పూర్తవగానే రిమోట్ చేతిలో పెట్టి మారియో వేశాను. మొదటి దశ, మొదటి గొయ్యి. నాన్న అందులో పడ్డారు. మళ్ళీ పడ్డారు. ఒకప్పుడు మాతో కబుర్లు చెబుతూ, తెరకేసి సగం సగం చూస్తూ దాటేసిన గొయ్యి అది. మా ఆయన నవ్వాపుకుంటూ “మావయ్యగారూ, కాస్త ముందే నొక్కండి” అన్నారు. మా అమ్మాయి ఇంకో అడుగు ముందుకేసి “తాతయ్యా, నేను దాటించి ఇచ్చేయనా?” అంది.

“నొక్కేనమ్మా, అదే దూకట్లేదు” అన్నారు నాన్న. రిమోట్ తిప్పి చూశారు, బటన్ని చొక్కా అంచుతో తుడిచారు, మళ్ళీ ఆడారు. మళ్ళీ గోతిలోనే. కళ్ళు లాగుతున్నాయి మీరాడుకోండి అని బాల్కనీలోకి వెళ్ళి పేపరు పట్టుకున్నారు. ఆ తర్వాత వారాల్లో వచ్చినా రిమోట్ జోలికి పోలేదు. ఇంట్లో అందరూ వయసన్నారు. అమ్మ కూడా “డెబ్భై ఏళ్ళొచ్చేయి, ఇంకా ఎగరమంటే ఎలాగే” అంది. నాకు మాత్రం మింగుడుపడలేదు. ఇప్పటికీ సూదిలోకి దారం ఒక్కసారికే ఎక్కించే మనిషాయన.

ఒక ఆదివారం బతిమాలి, ఒక్కసారంటే ఒక్కసారని ఒప్పించి కూర్చోబెట్టాను. అమ్మాయి చేతికి ఫోనిచ్చి, తాతయ్య వేలూ టీవీ తెరా రెండూ కనబడేలా స్లోమోషన్‌లో తీయమన్నాను. ఆ వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. బొటనవేలు దిగింది, గోరు కింద తెల్లబడింది. మారియో ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు. వేలు బటన్ మీదే ఉంది. మారియో అంచుదాకా వచ్చాడు, అంచు దాటాడు, నిట్టనిలువునా గోతిలోకి జారిపోయాడు. ఎగరనే లేదు. వేలు దిగింది మాత్రం అంచుకి చాలా ముందే.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని దాన్ని మళ్ళీ మళ్ళీ చూశారు. “చూసేవా, నే చెప్పలే?” అన్నారు. తర్వాత దాన్ని హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి వాట్సాప్ చెయ్యమన్నారు. అల్లుడుగారికి కూడా పంపించమన్నారు. అల్లుడుగారు అదే సోఫాలో పక్కనే కూర్చుని ఉన్నారు.

అసలు సంగతేమిటంటే, ఈ ఆటలు సెకనుకి 60 ఫ్రేముల, అంటే 60 బొమ్మల లెక్కన నడుస్తాయి, ఒక్కో ఫ్రేముకి దాదాపు 17 మిల్లీసెకన్లు. ట్యూబు టీవీ సిగ్నల్ వస్తుంటే వచ్చినట్టే గీసేసేది. ఇప్పటి టీవీ అలా కాదు. అంత చిన్న బొమ్మని తెరంతా పరచాలి, రంగులు దిద్దాలి, మసక తీయాలి, కదలికని నున్నగా చెయ్యాలి. అందుకోసం కొన్ని ఫ్రేముల్ని తన దగ్గర ఆపుకుంటుంది. 100 మిల్లీసెకన్లు ఆపిందంటే ఆట ఆరు ఫ్రేములు వెనకబడినట్టు. సినిమా చూసేటప్పుడు ఇది తెలీదు, ఎందుకంటే మాటనీ అంతే ఆపి బొమ్మతో కలుపుతుంది. చేతిలో బటన్ ఉన్నప్పుడే బయటపడుతుంది.

మందు టీవీలోనే ఉంది. సెట్టింగుల్లో పిక్చర్ అన్నచోట గేమ్ మోడ్ ఉంటుంది, అది వేస్తే ఈ దిద్దుబాట్లలో చాలావరకు ఆపేస్తుంది. రంగులు కాస్త వెలిసినట్టుంటాయి, ఈ ఆటలకి అదేమంత లోటు కాదు. స్టిక్ వల్లా వైర్‌లెస్ రిమోట్ వల్లా వచ్చే ఆలస్యం కొంత మిగులుతుంది, దానికి నాకు దారి దొరకలేదు.

గేమ్ మోడ్ వేశాక నాన్న మొదటి గొయ్యి దాటారు. ఏమీ అనలేదు. తర్వాతది కూడా దాటేసి, వెనక్కి తిరక్కుండానే మా అమ్మాయితో “ఇందాకటి గొట్టంలోకి దిగితే నాణేలుంటాయే, తెలుసా నీకు?” అన్నారు. దానికి తెలీదు. వారాలుగా ఆ గొట్టం మీంచి దూకిపోతూనే ఉంది.

నా కోపమంతా ఇక్కడే. డబ్బా మీద అన్ని వేల ఆటలున్నాయని అచ్చువేసుకున్నవాళ్ళు, లోపల పెట్టిన ఆ కాగితం ముక్కలో ‘టీవీలో గేమ్ మోడ్ పెట్టుకోండి’ అని ఒక్క వాక్యం వెయ్యలేరా? ఎన్ని ఇళ్ళల్లో పెద్దవాళ్ళు తమ వయసుదే తప్పనుకుని రిమోట్ పక్కన పెట్టేశారో. పైగా మా టీవీలో ఈ మోడ్ స్టిక్ గుచ్చే ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి విడివిడిగా ఉంటుంది. దసరాకి ఇల్లు దులిపినప్పుడు మా ఆయన స్టిక్ తీసి పక్క పోర్టులో గుచ్చారు. ఆ ఆదివారం నాన్న రెండు గెంతులు వేసి రిమోట్ కింద పెట్టి “వైరేదో మార్చేసేరు” అన్నారు. ఈసారి వయసు మాట ఎవరూ ఎత్తలేదు.

ఇక నేను కొత్తలో తెగ మెచ్చుకున్న సేవ్ సదుపాయం గురించి. సెలెక్ట్, స్టార్ట్ కలిపి నొక్కితే ఆట ఎక్కడున్నది అక్కడ దాచుకోవచ్చు, చచ్చిపోతే అక్కడికే వెనక్కి రావచ్చు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి అన్నాను. ఒంటరిగా ఆడితే ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఇద్దరు ఆడేటప్పుడు మాత్రం అది ఆటలో ఉప్పూ కారం తీసేస్తుంది.

ఇద్దరు కలిసి శత్రువుల్ని కాల్చుకుంటూ పోయే కాంట్రా చూడండి. మూడే ప్రాణాలు. మనవి అయిపోతే ‘ఎ’ నొక్కి పక్కవాడి దాంట్లోంచి ఒకటి లాక్కోవచ్చు. మేం దాన్ని అప్పు అనేవాళ్ళం. తమ్ముడు అడక్కుండానే నొక్కేసేవాడు, ఆ అప్పులు ఇప్పటికీ తీర్చలేదు. జలపాతం దశలోనైతే ఇంకా ఘోరం, పైకి ఎక్కేవాడు తొందరపడితే తెర వాడితో పాటు పైకి జరిగి కింద ఉన్నవాడు చస్తాడు. అందుకే “ఆగరా, నన్ను రానీ” అన్న కేకలు మా బ్లాకంతా వినిపించేవి. ఇప్పుడు మా అమ్మాయి తాతయ్య చచ్చిపోగానే టక్కున వెనక్కి తిప్పేస్తుంది. అప్పడిగేవాడు లేడు, ఆగమనేవాడూ లేడు. పైగా వెనక్కి తిప్పితే ఇద్దరికీ కలిపే తిరుగుతుంది, అప్పటిదాకా నాన్న కష్టపడి పట్టుకున్న స్ప్రెడ్ గన్, అదే తూటాల్ని విసనకర్రలా చిమ్మే తుపాకీ, గంగలో కలుస్తుంది. దాంతో కాంట్రాకి సేవ్ వాడకూడదని నాన్న చట్టం పెట్టారు. మారియోకి వాడొచ్చు. దాంట్లో ఎలాగూ ఒకరు చస్తే గాని ఇంకొకరికి వంతు రాదు, వాడకపోతే అమ్మాయి నిద్రపోయే వేళవుతుంది.

రిమోట్ల సంగతి రెండు ముక్కలు. విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ ఉప్పుగాలికి ఇనుమన్నది నిలవదు. వానాకాలం అయ్యేసరికి రెండో రిమోట్‌లో బ్యాటరీ స్ప్రింగులు తుప్పుపట్టాయి, ఆట మధ్యలో ఆగిపోయేది. గరుకు కాగితంతో గీకితే ప్రస్తుతానికి నడుస్తోంది. ఆట అయిపోగానే బ్యాటరీలు తీసి, మందుల సీసాల్లో వచ్చే సిలికా పొట్లం వేసి మూత డబ్బాలో పెడుతున్నాను. విడి రిమోట్ కావాలని అమ్మినవాళ్ళకి రాస్తే జవాబు లేదు.

కొనమంటారా అంటే, నా మాట పూర్తిగా నమ్మకండి. మా ఇంట్లో ఈ ఆటలు చేతులకి గుర్తున్న మనిషున్నారు, ఆదివారం ఆదివారం వస్తారు, మా టీవీలో గేమ్ మోడ్ ఉంది. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఇది సొరుగులో చేరేదే. తమ్ముడు అడిగితే వద్దన్నాను, వాళ్ళింట్లో ప్రొజెక్టర్, దానికి గేమ్ మోడ్ లేదు. ఈ కాలం పిల్లలకి మాత్రమే అయితే ఫోనే నయం. పాత ట్యూబు టీవీ ఇంకా పనిచేస్తూ ఉంటే మాత్రం దాన్ని తూకానికి వేసెయ్యకండి. మాది హుద్‌హుద్‌ తుపానుకి తడిసిపోయింది. కొనేవాళ్ళు డబ్బు కట్టే ముందు రెండో రిమోట్ విడిగా అమ్ముతారో లేదో కనుక్కోండి, ముందు పోయేది అదే.