ఉప్పునీటి దారుల్లో తిరిగే జీపుకు చేతి గ్రీజు గన్: ఏళ్ల తరబడి వాడాక

కాట్రేనికోన వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే పాత ఫోర్ వీల్ జీపు మాది. మేత బస్తాలైనా డీజిల్ డబ్బాలైనా దాన్లోనే వెళ్లాలి. ఉప్పునీరు, ఒండ్రు బురద రోజూ తగిలే బండికి ముందుగా దెబ్బతినేది ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిను బలాన్ని చక్రాల వైపు మోసుకెళ్లే పొడవాటి కడ్డీ) క్రాసులే, అంటే దాని కొసల్లో ఉండే ప్లస్ ఆకారపు కీళ్లే. అందుకే లీవర్‌తో కొట్టే చేతి గ్రీజు గన్ కొనుక్కున్నాను. పెట్టిన డబ్బుకు ఇంత న్యాయం చేసిన పనిముట్టు మా షెడ్డులో ఇంకోటి లేదు.

సర్వీసింగ్ దగ్గర గాలి గన్‌తో టకటకా కొట్టేస్తారు. ఒక కప్పు (క్రాసు కొసన బేరింగు ఉండే మూత) పక్కనుంచి గ్రీజు కనబడగానే అయిపోయిందంటారు. క్రాసుకు కప్పులు నాలుగు. నాలుగింటి సీళ్లలోంచీ పాత గ్రీజు పోయి కొత్తది కనబడితేనే పని అయినట్టు. లీవర్ నెమ్మదిగా నొక్కుతుంటే గ్రీజు సాఫీగా వెళ్తోందో, ఎక్కడైనా మొండికేస్తోందో చేతికే తెలుస్తుంది. ఏదైనా కప్పు మొండికేస్తే షాఫ్ట్‌ను అటూ ఇటూ నెట్టి పట్టుకుని కొట్టండి, చాలాసార్లు దారి ఇస్తుంది. చక్రాలకు అడ్డు పెట్టకుండా మాత్రం బండి కిందికి దూరొద్దు.

బయటికొచ్చిన గ్రీజును వేలికి రాసుకుని చూడటం నాకు అలవాటు. పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు దూరినట్టే, ఆ తెలుపు పోయేదాకా కొట్టాలి. ఎర్రటి తుప్పు పొడి వచ్చిందంటే కప్పుల్లోని నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్నటి రోలర్లు) పోయాయి. ఇక ఎంత గ్రీజు కొట్టినా లాభం లేదు, క్రాసు మార్చాల్సిందే.

చాలామంది ముందు షాఫ్ట్‌ను పట్టించుకోరు, "ఫోర్ వీల్ ఎప్పుడో గానీ వెయ్యం కదా" అంటారు. ఫ్రీ వీల్ హబ్బులు (ముందు చక్రాలను షాఫ్ట్ నుంచి విడదీసేవి) లేని జీపులో గేరు వేసినా వెయ్యకపోయినా అది తిరుగుతూనే ఉంటుంది. స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా జారే అతుకు) నిపుల్‌కు, అంటే గ్రీజు ఎక్కించే చిన్న మొనకు మాత్రం కొద్దిగానే కొట్టాలి. నిండా కుక్కితే గుంతలో షాఫ్ట్ కుదించుకోలేక ఆ ఒత్తిడంతా గేరుబాక్సు వైపు బేరింగు మీద పడుతుంది.

మాన్యువల్‌లో రాసే కిలోమీటర్ల లెక్క మామూలు రోడ్డు బండికి సరిపోతుంది. మన దగ్గర నీళ్లను బట్టే లెక్క. హబ్బుల దాకా ఉప్పునీటిలో దిగితే నేను ఆ సాయంత్రమే కొడతాను. వాడేది 2వ నంబరు (చిక్కదనం లెక్క) లిథియం ఇ.పి. (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) గ్రీజు. వానాకాలానికి కాల్షియం సల్ఫొనేట్ రకం పట్టుకొచ్చి చూశాను. ధర ఎక్కువే, కానీ నీళ్లకు అంత తేలిగ్గా కొట్టుకుపోదు. రకం మార్చినప్పుడు పాతది పూర్తిగా బయటికొచ్చేదాకా కొట్టండి. పడని గ్రీజులు రెండు కలిస్తే పలచబడి కారిపోతాయి.

గన్‌లో లోపాలూ ఉన్నాయి. డబ్బాలోంచి నింపినప్పుడు గాలి పట్టేసి ఉత్తినే ఆడుతుంది, గాలి తీసే స్క్రూ ఉన్నదే కొనండి. ముందుండే కప్లర్ (నిపుల్‌ను పట్టుకునే మూతి) కొన్నాళ్లకు వదులై నిపుల్ పక్కనుంచి గ్రీజు కక్కుతుంది. కప్లర్ ఒక్కటీ విడిగా దొరుకుతుంది, దానికోసం గన్ మార్చక్కర్లేదు. పైపు మాత్రం వంగే రబ్బరుదే తీసుకోండి, ఇనుప గొట్టంతో ముందు షాఫ్ట్ నిపుల్ అందడం కష్టం. కొత్త బండ్లలో కొన్నిటికి సీలు చేసిన క్రాసులొస్తున్నాయి, వాటికి నిపుళ్లే ఉండవు. కొనేముందు ఒకసారి బండి కిందికి వంగి చూసుకోండి.