ఇంటి మరమ్మతులు నేర్చుకోవాలంటే: వీడియో మేలా, మేస్త్రీ పక్కన నిలబడటం మేలా?

కొత్తగా ఇల్లు కొనుక్కున్న స్నేహితులు అందులో దిగిన నెలలోపే నాకు ఫోను చేస్తారు. కొళాయి కారుతోందనో, తలుపు నేలకు రాసుకుంటోందనో మొదలుపెట్టి చివరికి అందరూ ఒకే ప్రశ్నకు వస్తారు. "ఇవన్నీ మనమే చేసుకోవడం ఎలా నేర్చుకోవాలి? వీడియోలు చూస్తే చాలా, ఎవరి దగ్గరైనా నేర్చుకోవాలా?" అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లు ఇంటివారికి ఒక మాట చెబితే తీరిపోయిన పనులు ఇప్పుడు మన నెత్తిన పడ్డాయి కాబట్టి అలా అడగడం సహజమే. సొంత ఇంట్లోకి వచ్చిన ఈ మూడేళ్లలో నేను రెండు దారుల్లోనూ నడిచాను. అందుకే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే జవాబును ఒకచోట రాస్తున్నాను.

ముందు వీడియోల సంగతి. వాటికి నేను చాలా రుణపడి ఉన్నాను. కొళాయి లోపల ఏముంటుందో నాకు మొదట చూపించింది అవే. పాత రకం కొళాయిలో తిప్పే కడ్డీ (స్పిండిల్) చివర రబ్బరు వాషర్ ఉంటుందనీ, పావు తిప్పు తిప్పితే తెరుచుకునే కొత్త రకంలో వాషర్ బదులు సిరామిక్ పలకలున్న కార్ట్రిడ్జ్ ఉంటుందనీ వీడియో చూసే తెలుసుకున్నాను. వస్తువుల పేర్లు తెలియకపోతే దుకాణానికి వెళ్లి ఏమని అడుగుతాం? ఆ భయం పోగొట్టింది వీడియోలే. పైగా ఆపుకోవచ్చు, వెనక్కి తిప్పుకోవచ్చు, ఒకే పనిని నలుగురు నాలుగు రకాలుగా చేస్తుంటే పోల్చుకోవచ్చు. అర్ధరాత్రి నీళ్లు కారుతున్నప్పుడు ఎవరినీ నిద్ర లేపనక్కర్లేదు.

కానీ వీడియోలో తుప్పు పట్టిన నట్టు కనిపించదు. కనిపించినా, దానికి నూనె వేసి గంటసేపు ఎదురుచూసిన భాగాన్ని కత్తిరించేస్తారు. మన ఇంట్లో మాత్రం ఆ గంటే అసలు పని. అంతకంటే పెద్ద లోటు ఒకటుంది. వీడియో మనకు సరైన పద్ధతి చూపిస్తుంది, మన తప్పును మాత్రం చూడలేదు.

ఇది నాకు వాష్‌బేసిన్ కింద తెలిసివచ్చింది. వాష్‌బేసిన్‌కు నీళ్లు తెచ్చే మెత్తని గొట్టం మార్చాలి. మూడు వీడియోలు చూశాను. మరలున్న చోట టెఫ్లాన్ టేపు చుట్టాలన్న ఒక్క ముక్క బుర్రలో పడింది. చుట్టాను. పానాతో ఇక తిరగనంత వరకు బిగించాను. నీళ్లు వదిలితే బొట్లు పడ్డాయి, ఇంకా బిగించాను. బొట్లు ధారగా మారాయి. అప్పుడు పిలిస్తే వచ్చిన ప్లంబర్ మేస్త్రీ గొట్టం విప్పి, లోపలి రబ్బరు వాషర్‌ను వేలి కొసతో తీసి నా అరచేతిలో పెట్టారు. ఒక పక్క నలిగి, అంచు బయటికి ఉబికి ఉంది. "ఇక్కడ నీళ్లను ఆపేది మర కాదండి, ఈ రబ్బరు. దీనికి టేపు అక్కర్లేదు" అన్నారు.

కొత్త వాషర్ వేశాక పానా నా చేతికే ఇచ్చారు. ముందు వేళ్లతోనే నట్టును ఆగేంత వరకు తిప్పమన్నారు. తర్వాత పానాతో కొంచెం. నేను పానా కొస పట్టుకున్నాను. ఆయన నా చెయ్యి జరిపి పానా మెడ దగ్గర పెట్టారు. "కొస పట్టుకుంటే మీ బలం ఎంతో మీకే తెలియదు. ఇక్కడ పట్టుకోండి. ఇప్పుడు పావు తిప్పు. చాలు, ఆపండి." ఆ "ఆపండి" అన్న క్షణంలో నట్టు ఎంత గట్టిగా ఉందో నా మణికట్టు గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత ఇంట్లో ఇలాంటి గొట్టాలు నాలుగు మార్చాను, ఒక్కటీ కారలేదు.

కాబట్టి ఏది మేలని అడిగితే, ఖర్చు, సమయం, సౌకర్యం అన్నీ పక్కన పెట్టి నేను చూసేది ఒక్కటే. చేసిన తప్పు ఎంతసేపటికి బయటపడుతుంది? అది వెంటనే బయటపడే పనులకు వీడియో చాలు. నెలల తర్వాత బయటపడే పనులను తెలిసినవాళ్ల కళ్ల ముందే నేర్చుకోవాలి.

కొళాయి వాషర్ సరిగా పడకపోతే నిమిషంలో తెలుస్తుంది. ఫ్లష్ ట్యాంకులో నీళ్లు లోలోపల కారుతున్నాయేమో చూడాలంటే ట్యాంకులో కొంచెం రంగు కలిపి ఊరుకుంటే చాలు, కాసేపటికి కింద గిన్నెలో రంగు దిగితే అడుగున ఉన్న రబ్బరు మూత పాడైనట్టే. తలుపు బందు స్క్రూలు వదులైతే రంధ్రంలో వడ్రంగి జిగురు పూసి, రెండు మూడు అగ్గిపుల్లలు దూర్చి, ఆరాక మళ్లీ స్క్రూ బిగించాలి. పట్టు దొరికిందో లేదో అక్కడికక్కడే చేతికి తెలుస్తుంది. ఇలాంటివి చూసి నేర్చుకోండి, రెండుసార్లు తప్పు చేయండి, నష్టమేమీ లేదు.

చెమ్మ సంగతి అలా కాదు. గోడ మీద మరక కనిపిస్తే గీకి, లప్పం పెట్టి, రంగు వేయడం వీడియోలో పది నిమిషాల పని. ఆ రోజు గోడ అద్దంలా ఉంటుంది. నీళ్లు వస్తున్న చోటు కనిపెట్టకపోతే కొన్ని నెలలకు రంగు పొక్కులు లేచి, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. మనం చేసింది తప్పని తెలిసేది అప్పుడు. మా ఇంటికి వచ్చిన తాపీ మేస్త్రీ లప్పం ముట్టుకోకముందు గోడనే చాలాసేపు చూశారు. మరక నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వానాకాలంలోనే పెరుగుతోందా, గోడకు అవతల ఏ గొట్టం పోతోంది అని వరసగా అడిగారు. నేలలోంచి పాకే చెమ్మ సాధారణంగా మీటరు ఎత్తు దాటదట. తర్వాత గోడకు ఒక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు పక్కలా గాలి చొరబడకుండా అంటించి మర్నాటి వరకు వదిలేయమన్నారు. గది వైపు నీటి తుంపరలు పడితే అది గాలిలోని తేమ, వెనక పడితే గోడలోంచి వస్తున్నది. ఈ పరీక్ష వీడియోల్లోనూ ఉండి ఉంటుంది, కానీ "చెమ్మ గోడకు లప్పం" అని వెతికేవాళ్లకు అది ఎదురుపడదు. ఏం వెతకాలో తెలియడమే సగం విద్య, అది మనిషి పక్కన ఉంటేనే వస్తుంది.

విద్యుత్ పనులు ఇంకా ప్రమాదం. స్విచ్ వెనక వైరు స్క్రూ కింద సరిగా కూర్చోకపోయినా బల్బు వెలుగుతుంది. వదులుగా ఉన్న ఆ అతుకు రోజూ కొంచెం కొంచెం వేడెక్కి, ఎప్పుడో ప్లాస్టిక్ కరిగే వాసన వస్తుంది. బిగించాక వైరును మెల్లగా లాగి చూడాలని, మెయిన్ ఆపాక కూడా టెస్టర్‌ను ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి, అది పనిచేస్తోందో లేదో చూసుకున్నాకే నమ్మాలని నాకు నేర్పింది ఒక ఎలక్ట్రీషియన్. బల్బులు, ఫ్యూజులు తప్ప వేరే ఏ విద్యుత్ పనీ వీడియో చూసి మొదటిసారి చేయవద్దని నా గట్టి మాట. మీటరు పెట్టె జోలికి నేను ఇప్పటికీ పోను. మీరూ పోవద్దు.

పనివాళ్ల దగ్గర నేర్చుకోవడంలో చిక్కులు లేవని కాదు. వాళ్లకు తొందర ఉంటుంది, మరో ఇంట్లో పని ఆగి ఉంటుంది. చాలామందికి చేయడం వచ్చు, ఎందుకు చేస్తున్నారో చెప్పడం రాదు. చెడ్డ అలవాట్లు కూడా వాళ్ల నుంచే అంటుకుంటాయి. మెయిన్ ఆపకుండా వైరు పట్టుకునేవాళ్లను, సందులు మూసే పాత సిలికాన్ సీలెంట్ తీయకుండా దాని మీదే కొత్తది పూసేవాళ్లను చూశాను. సిలికాన్ పాత సిలికాన్‌కు అంటుకోదు, అలా పూసింది కొన్నాళ్లకు పట్టీలా ఊడి వస్తుంది. ఇక్కడే వీడియోలు అక్కరకొస్తాయి. మేస్త్రీ రాకముందు రాత్రి ఆ పనిని రెండు మూడు చోట్ల చూసి పెట్టుకుంటే, ఆయన ఏ మెట్టు వదిలేశారో మనకు తెలుస్తుంది, అడగగలుగుతాం.

అడిగే తీరు కూడా ముఖ్యం. పిలిచేటప్పుడే "నేను నేర్చుకోవాలనుకుంటున్నాను, కొంచెం ఎక్కువ సేపు పడుతుంది, దానికీ కలిపి ఇస్తాను" అని చెప్పండి. మాట ముందే అనుకుంటే ఎవరూ విసుక్కోలేదు, కొందరైతే సంతోషించారు. చేతిలో పని ఉన్నప్పుడు ప్రశ్నలు వేయకండి. ఏదైనా విప్పే ముందు ఫోటో తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యంగా, చివరి బిగింపో చివరి పూతో మీ చేత చేయించమని అడగండి. పక్కన నిలబడి చూసినంత మాత్రాన అది వీడియో కంటే పెద్ద మేలేమీ కాదు, పనిముట్టు మీ చేతికి రావాలి.

పుస్తకాలు, వారాంతపు తరగతుల గురించి కూడా అడుగుతుంటారు. పుస్తకం బొమ్మల కోసం ఇంట్లో ఉంటే మంచిదే. తరగతులు మంచివే గాని అక్కడి గోడ కొత్తది, అక్కడి నట్టుకు తుప్పు లేదు.

ఏ దారి పట్టినా మొదటి రోజే చేయాల్సింది ఒకటుంది. ఇంటి మొత్తానికి నీళ్లు ఆపే వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూడండి. ఏళ్ల తరబడి తిప్పని గేట్ వాల్వ్ పట్టేస్తుంది, అవసరమైన రోజున కదలదు. అది కదులుతోందని తెలిశాకే కొళాయి మీద చెయ్యి వేయండి.

వచ్చే నెలలో మా స్నానాల గది పలకల సందులు మళ్లీ నింపించాలి. తప్పు జరిగితే కింది అంతస్తు పైకప్పులో చెమ్మగా తేలేదాకా తెలియని పని. నాలుగు వీడియోలు చూసి పెట్టుకున్నాను. మేస్త్రీ గారితో కూడా మాట్లాడాను. సగం గది ఆయన నింపుతారు, మిగతా సగం ఆయన చూస్తుండగా నేను నింపుతాను.