రెండు సీట్ల కారుతో ఐదేళ్లు: మా ఇంట్లో మియాటా

మా బావమరిది చదువుకోవడానికి అమెరికా వచ్చిన రోజున నా భార్య కారు సర్వీసింగ్‌లో ఉంది. ఎయిర్‌పోర్టుకి నేనే నా రెండు సీట్ల మియాటాలో వెళ్లాను. డాలస్ ఎయిర్‌పోర్టు టెర్మినల్ డి బయట ట్రాలీ మీద 23 కిలోల పెట్టెలు రెండు పెట్టుకుని నిలబడ్డాడు. డిక్కీ తెరిచాను. పెట్టె లోపల పట్టదని తెలుసు గానీ, డిక్కీ మూతి దగ్గరే ఆగిపోతుందని అనుకోలేదు. ఇటు తిప్పి, అటు తిప్పి, వెనకున్న కార్లవాళ్లు హారన్లు మొదలుపెట్టాక టాప్ (మడిచి వెనక్కి తీసేయగలిగే గుడ్డ పైకప్పు) దించేసి, ఒక పెట్టెను పక్క సీట్లో నిలబెట్టి బెల్టు కట్టాను. "బావా, మరి నేను?" అన్నాడు వాడు. రెండో పెట్టెతో క్యాబ్‌లో రమ్మన్నాను. ఇంటికి చేరేసరికి మా ఆవిడ తలుపు తీసి, సీట్లో దర్జాగా కూర్చున్న పెట్టెను చూసి, "తమ్ముడేడీ?" అంది. ఆ పెట్టెలో ఆవకాయ ఉందని చెప్పినా నా పరువు దక్కలేదు.

కారు 2019 మోడల్ మాజ్డా ఎమ్ఎక్స్-5. ఇక్కడ అందరూ మియాటా అనే అంటారు. గుడ్డ టాప్, ఆరు గేర్ల మాన్యువల్. 2020 ఆగస్టులో 9 వేల మైళ్లు తిరిగినదాన్ని సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పుడు మీటరు 71 వేలు దాటింది. మేముండేది డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, నా ఆఫీసు లాస్ కొలీనాస్‌లో. రానూపోనూ 50 మైళ్లు, వారానికి మూడు రోజులు. ఇండియాలో మాజ్డా కార్లు అమ్మరు కాబట్టి అక్కడి స్నేహితులకు ఇది వీడియోల్లో చూసిన బొమ్మ. ఫోన్ చేసినప్పుడల్లా అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: "రోజూ తోలగలవా దీన్ని?"

ఆఫీసుకి వెళ్లిరావడమే రోజువారీ జీవితం అయితే తోలగలను, హాయిగా. ఐదేళ్లలో ఒక్క సోమవారం కూడా ఈ కారెక్కడానికి బద్ధకించలేదు. రెండు లీటర్ల ఇంజను, 181 హార్స్‌పవర్. ఈ రోజుల్లో అదేమంత పెద్ద అంకె కాదు. కానీ బండి బరువు దాదాపు 1,060 కిలోలే, అంటే మన హోండా సిటీ కంటే కాస్త తక్కువ. పొడవు 3,915 మిల్లీమీటర్లు, బలెనో కంటే పొట్టి. అందుకే హైవే ఎక్కే ర్యాంపు మీద రెండో గేరులో కాస్త లాగి మూడోదానికి మారుస్తుంటే, స్పీడోమీటరు 50 కూడా దాటకముందే ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. గేర్ రాడ్ బొటనవేలంత దూరం కదిలితే చాలు, టక్కున పడుతుంది. పెద్ద స్పోర్ట్స్ కారులో ఈ సరదా కావాలంటే పోలీసుకి దొరికేంత వేగం కావాలి. దీనికి అక్కర్లేదు. క్లచ్ తేలిక, ట్రాఫిక్‌లో గంటసేపు పాకినా ఎడమకాలు లాగదు. సిటీలో గ్యాలనుకి 26, హైవే మీద 34 మైళ్లని అధికారిక లెక్క. నాకు సగటున 31 వస్తోంది, పెట్రోలు మాత్రం ప్రీమియం పోస్తాను.

భయపెట్టేది పక్కనుండే బళ్లు. టెక్సస్‌లో ప్రతి రెండో ఇంటి ముందూ ఒక పికప్ ట్రక్కు ఉంటుంది. సిగ్నల్ దగ్గర దాని పక్కన ఆగితే నా కళ్ల ఎదురుగా ఉండేది దాని చక్రం. వాళ్లకి నేను కనపడను. మొదటి ఆరు నెలలు ప్రతి లేన్ మార్పూ టెన్షనే. ఇప్పుడు ట్రక్కు పక్కన ఒక్క క్షణం కూడా ఆగను. ముందుకైనా వెళ్తాను, వెనకైనా తగ్గుతాను. టాప్ వేసి ఉంటే వెనక మూలలు నాకూ సరిగ్గా కనపడవు, అందుకే భుజం మీదుగా తిరిగి చూడటం అలవాటైంది. రాత్రిళ్లు వెనకొచ్చే ట్రక్కు హెడ్‌లైట్లు మూడు అద్దాల్లోనూ ఒకేసారి పడతాయి. దానికి మందు లేదు.

చప్పుడు కూడా తక్కువేం కాదు. 70 మైళ్ల వేగంలో గుడ్డ టాప్ కింద కూర్చుని ఆఫీసు కాల్ మాట్లాడితే అవతలివాళ్లు "బస్సులో ఉన్నావా?" అని అడుగుతారు. కాల్స్ ఉన్న రోజున అరగంట ముందే బయల్దేరతాను, లేదా ఇంటి నుంచే పని.

టాప్ తీయడం అంటే బటన్ నొక్కి చూస్తూ కూర్చోవడం కాదు. అద్దం పైన మధ్యలో ఉన్న గొళ్లెం విప్పి, ఒక చేత్తో వెనక్కి తోసి, చివర్లో ఒక నొక్కు నొక్కడమే. సీట్లోంచి లేవక్కర్లేదు. సిగ్నల్ ఆకుపచ్చ అయ్యేలోపు రెండుసార్లు తీసి వేయొచ్చు. అయితే జూన్ నుంచి సెప్టెంబరు దాకా డాలస్‌లో మధ్యాహ్నం టాప్ తీసి తిరిగేవాడు కొత్తగా కొన్నవాడై ఉంటాడు. 40 డిగ్రీల ఎండలో నడినెత్తి మాడిపోతుంది. అసలు సీజన్ చలికాలమే. డిసెంబరు రాత్రి టాప్ తీసి, అద్దాలు పైకి లేపి, హీటరు కాళ్ల మీదకి పెట్టుకుంటే... రగ్గు కప్పుకుని ఫ్యాన్ వేసుకుని పడుకోవడం ఇష్టమున్నవాళ్లకి ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు.

సామాన్ల సంగతి అందరూ డిక్కీతో మొదలుపెడతారు. 130 లీటర్లు. విమానంలో చేత్తో పట్టుకెళ్లే బ్యాగులు రెండు పడతాయి, అవి మెత్తటివైతేనే. కానీ నన్ను రోజూ విసిగించింది డిక్కీ కాదు, చిన్న చిన్న జాగాలు. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్స్ లేదు. కాగితాలు రెండు సీట్ల మధ్య వెనకున్న చిన్న అరలో పెట్టాలి, నడుపుతూ తీయాలంటే చెయ్యి మెలితిప్పాలి. కప్ హోల్డర్లూ అక్కడే, మోచేతి వెనక. టీ పెట్టుకుంటే మూడో గేరు నుంచి నాలుగుకి మార్చినప్పుడల్లా మోచెయ్యి దానికి తగులుతుంది. రెండు చొక్కాలు పోగొట్టుకున్నాక కారులో టీ మానేశాను.

వారం సరుకులకి ఒక పద్ధతి కుదిరింది. 20 పౌండ్ల సోనా మసూరి బస్తా పక్క సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట. సీటు మీద పెడితే మనిషి కూర్చున్నాడనుకుని బెల్టు గంట మోగుతూనే ఉంటుంది. బస్తా పైన ఏసీ గాలి తగిలేలా పెరుగు డబ్బా, కూరలు. ఉల్లిపాయలు, పప్పులు, నూనె డిక్కీలోకి. ఇద్దరి సంసారానికి ఇది చాలు. పాట్‌లక్‌కి, అంటే తలా ఒక వంటకం తెచ్చే విందుకి, పులిహోర చిన్న ట్రే అయితే తీసుకెళ్లొచ్చు, పెద్దదానికి ఇంకొకరి కారు చూసుకోవాలి. ఏటా వినాయకుణ్ణి మాత్రం ఇందులోనే తెస్తాను. పక్క సీట్లో పీట వేసి, బెల్టు కట్టి, టాప్ తీసి. దారిలో పిల్లలు చేతులు ఊపుతారు. మా కాలనీలో అంతకు మించిన ఊరేగింపు ఎవరికీ లేదు.

రిపేర్ల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఆయిల్, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు ఒకసారి, టైర్లు రెండుసార్లు. ఒక నష్టం మాత్రం నా చేతులారా చేసుకున్నదే. టాప్ మీద పడ్డ వాన నీళ్లు సీట్ల వెనక ఉన్న సన్నటి గొట్టాల్లోంచి కిందికి పోతాయి. ఏడాదికి రెండుసార్లు వాటిని శుభ్రం చేయాలి. నేను చెట్టు కింద పార్క్ చేస్తూ రెండేళ్లు పట్టించుకోలేదు. ఒకరోజు సీటు వెనక చెయ్యి పెడితే కార్పెట్ తడిసిన గోనెసంచిలా ఉంది. అది ఆరడానికి వారం, వాసన పోవడానికి నెల. ఇంకోసారి టోల్‌వే మీద టైరు పక్కగోడకి ఇనపముక్క దిగింది. ఈ కారులో స్టెప్నీ ఉండదు, రంధ్రం పూడ్చే ద్రవం, గాలి పంపు ఇస్తారు. పక్కగోడ చిరిగితే ఆ ద్రవంతో పనవదు. టో ట్రక్కు వచ్చేదాకా గంటన్నర నిలబడ్డాను. వసంతకాలంలో వడగళ్ల హెచ్చరిక వచ్చిన రోజున ఈ కారు గ్యారేజీ దాటదు. బానెట్ అల్యూమినియం, సొట్ట పడితే తీయడం కష్టం.

మా అమ్మానాన్నలు తెనాలి నుంచి వచ్చినప్పుడు ఈ కారుకి అసలు పరీక్ష జరిగింది. అమ్మ చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "ఏరా, అంత డబ్బు పోసి సగం కారే కొన్నావా?" అంది. ఎక్కడం ఫరవాలేదు, ముందు కూర్చుని తరవాత కాళ్లు లోపల పెట్టుకుంది. దిగడానికి మాత్రం మోకాళ్లు ఒప్పుకోలేదు, రెండు చేతులూ పట్టి లేపాల్సి వచ్చింది. మళ్లీ ఎక్కలేదు. నాన్నకి మాత్రం తెగ నచ్చింది. ఆయనకి 80ల్లో బజాజ్ చేతక్ ఉండేది. ముందు నేను నిలబడి, వెనక అమ్మ ఒళ్లో చెల్లి, నలుగురం దాని మీదే పెళ్లిళ్లకి వెళ్లేవాళ్లం, హ్యాండిల్‌కి సంచీ కూడా. "దానికీ రెండు సీట్లే కదరా, ఎంతమందిమి పట్టేవాళ్లం!" అన్నాడు ఒక సాయంత్రం, చెవుల నిండా మఫ్లరు చుట్టుకుని.

ఆ మాట చాలా రోజులు బుర్రలో తిరిగింది. మనకి సీట్ల లెక్క ఎప్పుడూ ఉజ్జాయింపే. "సర్దుకుందాం" అనే మాటతో ఐదుగురి కారులో ఏడుగురం వెళ్లినవాళ్లం. ఈ కారు ఆ మాట వినదు. మన జీవితంలో మూడో మనిషి ఎప్పుడూ ఉంటాడు: గుడికి దింపమనే పక్కింటి పెద్దావిడ, కారు కొనుక్కోని కొత్త కుర్రాళ్లు, వీసా మీద వచ్చిన ఎవరో ఒకరి అత్తగారు. ఒకరైతే సరే, ఇద్దరైతే నేను "సారీ" చెప్పాలి. మొదట్లో సిగ్గేసేది. నిజం చెప్పాలంటే, కొన్ని ఆదివారాలు హాయిగానూ ఉండేది.

మా ఆవిడకి ఈ కారుతో పేచీ లేదు. హైదరాబాదులో మారుతీ 800 మీద క్లచ్ నేర్చుకుంది, నాకంటే నున్నగా గేర్లు మారుస్తుంది. 2021 అక్టోబరులో ఇద్దరం ఓక్లహోమా నుంచి ఆర్కన్సా దాకా కొండల మీదుగా వెళ్లే టాలిమేనా రోడ్డుకి వెళ్లాం. 54 మైళ్ల ఘాట్ రోడ్డు, ఆకులు రంగు మారే వేళ, రెండు మెత్తటి బ్యాగులు. అరకు దారిలో బస్సు కిటికీ పక్క సీటు కోసం కొట్టుకున్న రోజులు గుర్తొచ్చాయి. ఇక్కడ కిటికీయే లేదు.

మరుసటి ఏడాది బాబు పుట్టాడు. చిన్నపిల్లల సీటు ముందు సీట్లో, ఎయిర్‌బ్యాగ్ ఎదురుగా పెట్టనని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. దానితో ఇది ఇంటి కారు కాస్తా నా ఒక్కడి కారైంది. ఒక మధ్యాహ్నం డే కేర్ నుంచి ఫోన్, బాబుకి జ్వరం, వెంటనే తీసుకెళ్లమని. మా ఆవిడ ఆఫీసు పని మీద ఆస్టిన్‌లో ఉంది, తన కారు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో. నేను మియాటాలో పదినిమిషాల్లో చేరాను. చేరి ఏం లాభం? వాణ్ణి ఎత్తుకుని గేటు దగ్గర నిలబడి, స్నేహితుడొకడు సీటున్న కారు తెచ్చేదాకా నలభై నిమిషాలు చూశాను. భుజం మీద వాడి నుదురు కాలిపోతోంది. ఎదురుగా ఎర్రగా మెరుస్తూ నా కారు. ఆ రాత్రే అమ్మకానికి పెట్టాను.

శనివారం ఇరవయ్యేళ్ల కుర్రాడొకడు చూడటానికి వచ్చాడు. క్లచ్ రాదు. వీధి చివరికి వెళ్లేలోపు నాలుగుసార్లు ఇంజను ఆపేశాడు, ఐదోసారి గేరు గరగరమంది. శకునం బాగాలేదని వాణ్ణి పంపేసి ప్రకటన తీసేశాను. తరవాత చేసింది ఇంకో పిల్లల సీటు కొని స్నేహితుడి గ్యారేజీలో ఉంచడం, మా ఆవిడ ఊరికి వెళ్తే తన కారు ఇంటి దగ్గరే వదిలి వెళ్లడం. ఇంట్లో రెండో కారు లేకపోతే ఈ ఏర్పాట్లేవీ కుదరవు. ఒక్క కారుతో నెట్టుకొచ్చే సంసారమైతే నేనే వద్దంటాను.

వచ్చే ఏప్రిల్‌లో అమ్మానాన్నలు మళ్లీ వస్తున్నారు. టికెట్లు తీసుకున్నానని నిన్న ఫోన్ చేశాను. "ఆ చిన్న కారు ఉందా, అమ్మేశావా?" అని నాన్న. ఉందన్నాను. మఫ్లరు తెచ్చుకుంటానన్నాడు. వెనక నుంచి అమ్మ గొంతు: "మీరు దాంట్లో వస్తారు సరే, పెట్టెలు దేంట్లో వస్తాయో అడగండి!"