మోకాలి నొప్పికి నీ-క్యాప్: సైజు కుదిరితేనే ఉపయోగం

విజయవాడ సూర్యారావుపేట మెడికల్ షాపుల్లో నీ-క్యాప్ (మోకాలికి తొడిగే సాగే పట్టీ) అడిగితే కాలు ఓసారి చూసి "ఎల్ సరిపోతుందండీ" అని చేతిలో పెట్టేస్తారు. ఒప్పుకోకండి, టేపుతో కొలిపించుకోండి. ఎక్కడ కొలవాలో డబ్బా మీద బొమ్మ ఉంటుంది, అది కంపెనీని బట్టి మారుతుంది. వదులైతే నాలుగడుగులకే పిక్క మీదికి జారి ముడతలు పడుతుంది. బిగుతైతే మోకాలి వెనక ఒరుసుకుంటుంది, పాదం తిమ్మిరెక్కి వాస్తుంది. తొడిగాక అంచు కింద రెండు వేళ్లు దూరాలి.

అరుగుదల నొప్పికి మామూలు అల్లిక రకం చాలు. నియోప్రిన్‌ది (రబ్బరులాంటి మందపాటి గుడ్డ) వెచ్చగా హాయిగా ఉంటుంది గానీ, బెజవాడ మే ఎండల్లో లోపలంతా చెమట, ఆపైన దద్దుర్లు. మోకాలు పక్కకి తూలుతుంటే పక్కల హింజ్ (మడత కీలు) ఉన్నది కావాలి, అది డాక్టరు చెప్తేనే.

ఏ రకమైనా అరిగిన గుజ్జును మళ్లీ తెచ్చిపెట్టదు. మోకాలిని కాసేది తొడ కండరం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాచి 5 సెకన్లు ఆపి మెల్లగా దించాలి, ఒక్కో కాలికి 10 సార్లు, రెండు పూటలా. ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువ, క్యాప్ అప్పుడు బాగా పనికొస్తుంది. పడుకునేటప్పుడు తీసేయాలి. నొప్పికి వాడే డైక్లోఫెనాక్ జెల్ రాసి పైన బిగించొద్దు. చల్లనీళ్లలో ఉతికి నీడన ఆరేయండి, ఎండలో వేస్తే ఎలాస్టిక్ పట్టు పోతుంది.

మోకాలు ఎర్రగా వేడెక్కి జ్వరం కూడా ఉంటే మాత్రం క్యాప్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరుకి చూపించండి.