వేరియబుల్ పిచ్ ఎండ్ మిల్: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

బాలానగర్‌లోని మా షాపులో వీఎంసీ (కంప్యూటర్ నడిపే మిల్లింగ్ యంత్రం) మీద 304 స్టెయిన్‌లెస్ స్టీల్ జాబ్‌లకు, పళ్ల మధ్య ఎడం సమానంగా లేని 10 మి.మీ. సాలిడ్ కార్బైడ్ ఎండ్ మిల్‌ను (తిరుగుతూ లోహాన్ని కోసే కట్టర్‌ను) కొన్నేళ్లుగా వాడుతున్నాను. లోతైన పాకెట్లలో (లోహంలో తొలిచే గుంటల్లో) చాటర్‌ను, అంటే కోతలో పుట్టే కంపనాన్ని, అదుపు చేయడానికి మామూలు కట్టర్ కంటే ఎక్కువ ధర పెట్టి దీన్ని కొనడం సబబేనని నా నిశ్చితాభిప్రాయం. అయితే ఈ మాట అన్ని వేగాలకూ వర్తించదు.

ఒక పన్ను కోసి వెళ్లిన చోట సన్నని అలలు మిగులుతాయి. వెనుక వచ్చే పన్ను వాటి మీదుగానే కోస్తుంది కనుక చిప్ (కోతలో ఊడే లోహపు తునక) మందం మారుతూ, కోత బలం ఊగుతూ, కంపనం తనను తానే పెంచుకుంటుంది. నాలుగు పళ్లూ 90 డిగ్రీల ఎడంలో ఉంటే ప్రతి పన్నూ ఆ కంపనానికి ఒకే తీరున ఊతమిస్తుంది. నా కట్టర్‌లో ఎడాలు 85, 95 డిగ్రీలుగా ఒకటి విడిచి ఒకటి ఉన్నాయి. 3,000 ఆర్‌పీఎం వద్ద నాలుగు పళ్ల కట్టర్‌కు సెకనుకు 200 కోతలు పడతాయి. కట్టర్ 900 హెర్ట్జ్ దగ్గర కంపిస్తోందనుకుంటే 90 డిగ్రీల్లో నాలుగున్నర అలలు, అంటే ఒక్కో అలకు 20 డిగ్రీలు. ఎడాల్లోని 10 డిగ్రీల తేడా సరిగ్గా అర అల కావడంతో, పాత అలల నుంచి ఒక పన్నుకు అందే ఊతాన్ని తర్వాతి పన్నుకు అందేది రద్దు చేస్తుంది. మామూలు కట్టర్ మూలల్లో కీచుమనే పాకెట్‌లోనే ఇది నిలకడైన శబ్దంతో సాగుతుంది. గోడ మీద గోటికి తగిలే గీతలు ఉండవు.

అదే 9,000 ఆర్‌పీఎంకు వెళితే ఒక్కో అల 60 డిగ్రీలకు సాగుతుంది, 10 డిగ్రీల తేడా అందులో ఆరో వంతే కనుక ఆ ఊతం అంతగా రద్దు కాదు. అందుకే ఎక్కువ వేగంలో కోసే అల్యూమినియానికి నేను మామూలు కట్టర్‌నే పెట్టి, దాన్ని తిప్పే స్పిండిల్ వేగాన్ని కొద్దికొద్దిగా మార్చి నిలకడైన చోటు పట్టుకుంటాను.

హెలిక్స్ కోణం (కట్టర్ చుట్టూ పళ్లు మెలిక తిరిగిన కోణం) పెరిగితే కోత మెత్తగా మొదలవుతుంది కానీ కట్టర్‌ను దాన్ని పట్టి ఉంచే కొలెట్ నుంచి కిందికి లాగే బలమూ పెరుగుతుంది, కాబట్టి బిగింపులో రాజీ పడకూడదు. పాజిటివ్ రేక్ (పంటి ముందు ముఖం వెనక్కి వాలి ఉండడం) కోత బలాన్ని తగ్గిస్తుంది. తక్కువ వేగంలో మాత్రం, అంచు వెనుక సన్నని పట్టీ ఉన్న కట్టర్, ఆ పట్టీ అలలకు రాసుకుని కంపనాన్ని అణచడం వల్ల, కత్తిలాంటి అంచు ఉన్నదానికంటే నిమ్మళంగా నడుస్తుంది. ఈ కోణాలన్నిటి మేలునూ పొడవు ఒక్కటే హరించగలదు: కొలెట్ బయట ఉన్న కట్టర్ పొడవు 30 నుంచి 40 మి.మీ.కు పెరిగితే, అదే బలానికి కట్టర్ వంపు దాదాపు 2.4 రెట్లవుతుంది.

ఇక లోపాలు. చిప్ భారం సమంగా పడదు. పంటికి సగటున 0.05 మి.మీ. ఫీడ్ (కట్టర్ ముందుకు జరిగే దూరం) ఇస్తే 95 డిగ్రీల ఎడం తర్వాతి పన్ను 0.053 తీసుకుంటుంది, 85 తర్వాతిది 0.047; ముందు అరిగేది మొదటిదే కనుక ఫీడ్‌ను దాన్నిబట్టి నిర్ణయించాలి. రీగ్రైండింగ్ (అరిగిన పళ్లకు మళ్లీ పదును పెట్టించడం) మరో సమస్య. ఒక చోట పళ్లన్నిటినీ 90 డిగ్రీలకు సమానం చేసి తిరిగి ఇచ్చారు, దాంతో చాటర్ మళ్లీ మొదలైంది. ఇప్పుడు ఎడాల కోణాలను కాగితం మీద గీసి కట్టర్‌తో పాటు పంపుతున్నాను, తిరిగి రాగానే ప్రొఫైల్ ప్రొజెక్టర్ (నీడను పెద్దదిగా చూపి కొలిచే పరికరం) మీద కొలిచే తీసుకుంటున్నాను.